పెట్టెలో వచ్చిన లేత్ మిషన్

గోపన్‌పల్లి దారిలో మా రేకుల షెడ్డు ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి చూశాను. ఆటోలో పొడవాటి చెక్కపెట్టె ఉంది. దాని మీద చెయ్యి వేసి, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు, మా మామ కూర్చుని ఉన్నారు. డ్రిల్ బిట్లు కొనుక్కొస్తానని పొద్దున రాణీగంజ్ బయల్దేరిన మనిషి!

"ఏంది మామా ఇది?"

"లేత్ మిషన్ బిడ్డా. ఇంపోర్టెడ్. పెట్టె సీల్ గూడ ఇప్పలే" అన్నారు మెరిసే కళ్లతో.

లేత్ కొనాలని ఇద్దరం అనుకున్న మాట నిజమే. అయితే మేం అనుకున్నది పాతది. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపు మూసేస్తున్నారని తెలిసి నేను వెళ్లి చూసి వచ్చాను కూడా. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్లి ఖాయం చేద్దామనుకున్నాం. ఆదివారం దాకా ఆయన ఆగలేదు.

మా ఆయన తండ్రి, మా మామ, ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో టర్నరు. అంటే లేత్ మీద ఇనప ముక్కను తిప్పుతూ, చెక్కుతూ కావలసిన కొలతకు తెచ్చే పని. ముందుగా రిటైరైతే డబ్బిస్తామని ఫ్యాక్టరీవాళ్లు పథకం పెట్టినప్పుడు బయటికి వచ్చేశారు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఉద్యోగానికి వెళ్లిన చోటల్లా, "మిషన్ల మీద ఆడవాళ్లను పెట్టుకోమమ్మా, ఆఫీసులో టైపు చేస్తావా?" అనే అడిగారు. ఒకరోజు ఇంటికొచ్చి ఆ కోపమంతా వెళ్లగక్కితే, "ఇంకొకని దగ్గరెందుకు? మనమే పెట్టుకుందాం" అన్నారు మామ. అలా పుట్టింది మా షెడ్డు. ఎలక్ట్రీషియన్ అయిన మా ఆయన మాత్రం కాంట్రాక్టరు దగ్గరే పని చేసేవారు.

అవి మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బండలు పేల్చి పునాదులు తవ్వుతున్న రోజులు. గాజు గోడల భవనాలు లేస్తున్నాయి. వాటిలో కూర్చోబోయే కంప్యూటర్ల గురించి పేపర్లు రాసేవి. వాటిని కట్టే కాంక్రీట్ మిక్సర్లూ, సామాను పైకెత్తే వించీలూ రోజూ ఎక్కడో ఒకచోట మొరాయించేవి. వాటి మరమ్మతే మా బతుకుతెరువు. ఇరుసుకు తొడిగే బుష్ అరిగినా, షాఫ్ట్ అనే ఆ ఇరుసే వంగినా కొత్తది చేయించడానికి బాలానగర్ పరుగెత్తాల్సి వచ్చేది. షెడ్డులోనే లేత్ ఉంటే ఆ తిప్పట తప్పుతుందని మా ఆశ.

"పాతది చూసి పెట్టాను కదా మామా" అన్నాను, పెట్టె దింపాక.

ఆయన పెట్టె మీది దుమ్ము దులుపుతూ, "సర్వీసంత అరిగిపోయిన మిషన్ల మీదనే చేసిన బిడ్డా. నాకంటె ముందు ఎందరో అరగదీసినయి. ఒక్కపారి కొత్తదాని మీద చేద్దామనిపించింది" అన్నారు.

పెట్టె విప్పాం. నిజం చెప్పాలంటే మొదటి చూపుకు నాకూ నచ్చింది. ఆకుపచ్చ పెయింటు నిగనిగలాడుతోంది. ముందువైపు పుట్టగొడుగు ఆకారంలో పెద్ద ఎర్ర బటన్ ఉంది. ప్రమాదమొస్తే అరచేత్తో కొట్టి ఆపడానికి. మా మామ చేసిన పాత మిషన్లకు అలాంటివి ఉండేవి కావట. "చూసినవా, మనిషి పానం గురించి ఎంత ఆలోచించిండ్రో" అని మురిసిపోయారు.

తుప్పు పట్టకుండా పూసిన గ్రీజును కిరసనాయిలుతో కడగడం మొదలుపెట్టాను. గ్రీజులో గరగరమని ఇసుక తగిలింది. పోత పోసిన అచ్చులోని ఇసుకను దులపకుండానే మిషన్ బిగించేశారన్నమాట. గేర్ల మీది మూత విప్పితే అడుగున ఇసుక, ఇనప రజను, ఓ మూల సిగరెట్ పీక. ఆ పీక మీద కూడా ఆకుపచ్చ పెయింటు వేసి ఉంది! వేసినవాడు దాన్ని తీయలేదు, తప్పించి వేయనూ లేదు. మూత తిరిగి బిగిస్తుంటే ఒక బోల్టు తల ఊడి నా చేతికొచ్చింది.

"నువ్వు జర గట్టిగ తిప్పినవ్" అన్నారు మామ.

"వేళ్లతో తిప్పాను మామా, స్పానరు కూడా పెట్టలేదు."

తర్వాత కొలత చూపే చక్రం చూశాను. ఎంత తిప్పితే పనిముట్టు ఎంత ముందుకు జరిగిందో ఆ చక్రం మీది అంకెలు చెప్పాలి. అరవై తర్వాత డెబ్బై ఉంది. దాని తర్వాత మళ్లీ డెబ్బై. ఎనభై లేదు. సరే, అంకెలు పోతే పోనీ, గీతలైనా నమ్మొచ్చు కదా అని ఒక ముక్క చెక్కి మైక్రోమీటరుతో కొలిచాను. గీతలకూ కొలతకూ పొంతన లేదు. చక్రం మిల్లీమీటర్లది, లోపలి మర అంగుళాలది. ఎవరో ఒక మిషన్ మరను ఇంకో మిషన్ చక్రంతో కలిపి పంపేశారు. చక్రం పిడి పక్కనే గుండ్రటి బంగారు రంగు స్టిక్కరు, "తనిఖీ అయినది" అని ఇంగ్లీషులో. పిడి ఎక్కడ పగిలిందో సరిగ్గా అక్కడే అంటించారు, పగులు కనపడకుండా. అంటే తనిఖీ చేసినవాడు పగులు చూశాడు. చూసే అంటించాడు! ఒళ్లు మండింది. కనీసం చూడనివాడైతే క్షమించి ఉండేదాన్ని.

మామ మాత్రం ఓపిగ్గా దాన్ని వెనకేసుకొచ్చారు. "కొత్తది గదా. కొన్నొద్దులు నడిస్తే కుదురుకుంటది." డెబ్బై పక్కన డెబ్బై ఎలా కుదురుకుంటుందో నేను అడగలేదు.

ఆ లేత్ మీద మా మొదటి జాబు, అంటే మొదటి పని, ఒక వించీ బుష్. దగ్గర్లో కడుతున్న భవనానికి సైట్ ఇంజనీరుగా ఉన్న కృష్ణా జిల్లా అబ్బాయి పురమాయించాడు. మామ చాలా శ్రద్ధగా చేశారు. ముక్కను పట్టుకునే చక్‌కు మూడు దవడలుంటాయి. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని గుద్ది ఉంటుంది, ఆ వరసలో ఎక్కించాలి. ఆయన అలాగే ఎక్కించారు. తిప్పితే ముక్క ఊగుతోంది. విప్పి మళ్లీ ఎక్కించారు. మళ్లీ ఊపే. చివరికి విసుగొచ్చి నేను వరస మార్చి ఒకటి, మూడు, రెండు అని పెడితే కాస్త నిదానించింది. అంకెలు గుద్దడంలో కూడా తప్పే! మామ పాత చొక్కా గుడ్డతో చక్ తుడుస్తూ నిలబడ్డారు.

సాయంత్రం ఇంజనీరు స్కూటరు మీద వచ్చి బుష్ తీసుకెళ్లాడు. మర్నాడే తిరిగొచ్చాడు.

"ఏంటండీ మేడమ్ ఇది? ఒక పక్క టైటు, ఇంకో పక్క లూజు. దూరుస్తుంటే సగంలో ఇరుక్కుపోయిందండి. మీరే చూడండి."

కొలిచాను. నిజమే. ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. ఆ మిషన్ మీద ఏది చేసినా కొద్దిగా క్యారెట్ ఆకారమే వస్తుంది, టేపర్ అంటారే అది. చక్‌ను మోసే పెట్టె కింది ఇనప పట్టా మీద, అంటే బెడ్డు మీద, తిన్నగా కూర్చోలేదు. దాని కింద రేకు ముక్కలు పెట్టి సరిచేయబోయాం. ఒక మూల ఎత్తితే ఇంకో మూల దిగుతుంది. పొద్దంతా అదే పని. ఆ బుష్‌ను చివరికి బాలానగర్‌లోనే చేయించి ఇచ్చాం, షెడ్డులో లేత్ పెట్టుకుని.

ఎస్టీడీ బూత్ నుంచి రాణీగంజ్ షాపుకు ఫోన్ చేశాను. ఓనరు భోజనానికి పోయాడన్నారు. మళ్లీ చేస్తే గోదాముకు పోయాడన్నారు. ఇంకోసారి చేస్తే ఎత్తినతనే, "ఓనర్ లేడు మేడం" అన్నాడు. ఆ గొంతు ఓనరుదేనని, రిసీవరుకు చెవి ఆనించి వింటున్న మామ సైగ చేశారు. కడుపు మండి, "లేని ఓనరుకు చెప్పండి, మెకానిక్‌ను పంపకపోతే రేపు నేనే వచ్చి షాపులో కూర్చుంటానని" అన్నాను.

మెకానిక్ వచ్చాడు. అతని సంచిలో ఒక స్పానరు, ఒక సుత్తి, ఒక ఆకుపచ్చ పెయింటు డబ్బా ఉన్నాయి. కొలిచే సాధనం ఒక్కటీ లేదు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో నేలను తన్ని, "ఫ్లోర్ ప్రాబ్లం మేడం" అన్నాడు.

"నేలకూ డెబ్బై రెండుసార్లు ఉండడానికీ ఏం సంబంధం?"

"అది ప్రింటింగ్ మిస్టేక్. మిషన్‌ది కాదు. కింద గట్టిగా సిమెంటు బెడ్ పోయించండి, టేపర్ ఆటోమేటిగ్గా పోతది."

మామ ఆ మాట పట్టుకున్నారు. మిషన్‌ది తప్పు కాదంటే ఆయనకు ఎంత హాయో! నేల తవ్వి, కంకర, సిమెంటు తెప్పించి దిమ్మె పోయించారు. అది ఆరేదాకా పనులన్నీ ఆగాయి. ఆరాక మిషన్ ఎక్కించి, మట్టం చూసి, ముక్క పెట్టి చెక్కాం. మళ్లీ క్యారెట్టే. ఫోన్ చేస్తే ఈసారి వోల్టేజీ అన్నారు. మా ఆయన మీటరు పెట్టి చూసి వోల్టేజీ బాగానే ఉందన్నారు. ఆ మాటే చెబితే, "మేడం, ఇంపోర్టెడ్ మిషన్‌ను అర్థం చేసుకోవాలంటే టైమ్ పడ్తది" అని సెలవిచ్చాడు ఓనరు.

ఆ సాయంత్రం మామతో నేను గట్టిగా మాట్లాడాను. "దీన్ని తిరిగి ఇచ్చేద్దాం. మీరు ఒక్క మాట అంటే చాలు, నేను పోయి తేల్చుకొస్తాను."

"ఒక్క మిషన్ల నాలుగు తప్పులున్నంత మాత్రాన పారేస్తరా? మనమే ఒక్కొక్కటి సక్కజేద్దాం."

"సక్కజేయడానికి కొనలేదు మామా. పని చేయడానికి కొన్నాం!"

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. రెండు పూటలు అన్నం పెట్టాను, తిన్నారు, అంతే.

తర్వాత ఒక మధ్యాహ్నం. ఎండ రేకుల మీద దంచుతోంది. మామ ఒక పిన్ను చెక్కుతున్నారు. ఉక్కకు చెమట తుడుచుకోవడానికి మెడ చుట్టూ తువ్వాలు వేసుకున్నారు. ఫ్యాక్టరీలో అయితే అలాంటిది దగ్గరికి కూడా రానిచ్చేవారు కారు. ఇక్కడ సొంత షెడ్డు. ముక్క ఊగుతోందేమో చూద్దామని ముందుకు వంగారు. తువ్వాలు కొస చక్‌కు చుట్టుకుంది.

ఆయన అరవలేదు. అరవడానికి గొంతు లేదు. చెయ్యి మిషన్‌కు ఆనించి వెనక్కి లాగుకుంటున్నారు, చక్ ముందుకు లాగుతోంది. రోజూ మిషన్ ఆపే తిప్పుడు స్విచ్చి ఆయన ఛాతీ కింద ఉంది. నేను దూకి ఎర్ర బటన్‌ను అరచేత్తో కొట్టాను. చక్ తిరుగుతూనే ఉంది. మళ్లీ కొట్టాను. పిడికిలితో కొట్టాను. బటన్ లోపలికి పోతోంది, బయటికొస్తోంది, చక్ మాత్రం ఆగడం లేదు. గోడ మీది మెయిన్ స్విచ్చి దగ్గరికి పరుగెత్తాను.

నేను అది చేరేలోపే చక్ ఆగింది. మోటారు మాత్రం రొద చేస్తూ తిరుగుతోంది. మోటారు కప్పీని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న మర సరిగ్గా కోయక అది ఎప్పుడూ వదులవుతుండేది. దాన్ని రోజూ తిట్టుకుంటూ బిగించేదాన్ని. ఆ వేళ కప్పీ జారిపోబట్టి చక్‌కు లాగే బలం పోయింది. ఆ మిషన్‌లోని ఒక తప్పే ఆయన్ను కాపాడింది. దాన్ని తలచుకుని సంతోషించాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

మెయిన్ స్విచ్చి ఆపేసి వచ్చి, కత్తెరతో తువ్వాలు కోశాను. మామను నేల మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. మెడ చుట్టూ తోలు లేచి ఎర్రగా కమిలిపోయింది. దవాఖానకు తీసుకెళితే డాక్టరు మందు రాసి, "అదృష్టవంతుడివి పెద్దాయనా" అన్నాడు.

మా ఆయన పని నుంచి వచ్చి, కబురు విని, ముందు తండ్రి మెడ చూశారు. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని స్విచ్చి పెట్టె విప్పారు. "ఇటు రా" అన్నారు నన్ను. ఎర్ర బటన్ వెనక ఏమీ లేదు. తెగిన వైరు కాదు, ఊడిన వైరు కాదు. అసలు వైరే లేదు. ఒక స్ప్రింగు, దాని మీద ఎర్ర ప్లాస్టిక్, అంతే. నొక్కితే లోపలికి పోవాలి, వదిలితే బయటికి రావాలి. ఆ పని మాత్రం చక్కగా చేసింది.

మామ కూడా వచ్చి తొంగి చూశారు. వేలు పెట్టి ఆ స్ప్రింగును నొక్కి వదిలారు. "ట్రాలీ ఆటో పిలువు" అన్నారు చివరికి.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం లేత్‌ను రాణీగంజ్ తీసుకెళ్లి సరిగ్గా షాపు మెట్ల ముందు దింపించాం. సందు సగం మూసుకుపోయింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. హమాలీలు గుమిగూడారు. ఓనరు ఈసారి ఉన్నాడు. మామ కంటే చాలా చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"అంకుల్, లోపల కూర్చొని మాట్లాడుకుందాం. ఇట్ల రోడ్డు మీద ఏంది?"

మామ కప్పీ బిగించి, షాపులోంచి వైరు లాగించి మిషన్‌కు కరెంటు ఇప్పించారు. చక్ తిరగడం మొదలైంది. "రా నాయనా, ఆ ఎర్రది నొక్కు" అన్నారు.

"ఎందుకంకుల్..."

"నొక్కు."

నొక్కాడు. చక్ తిరుగుతూనే ఉంది. మామ చొక్కా గుండీ విప్పి మెడ చూపించారు. హమాలీల్లో ఎవరో "అమ్మో" అన్నారు. ఓనరు ముఖంలో రంగు పోయింది. అతనికి నిజంగానే తెలియదనుకుంటాను. అతను అమ్మిన పెట్టెలో ఏముందో అతను ఎప్పుడూ విప్పి చూడలేదు. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

"మార్చి వేరేది ఇస్తనంకుల్. పరేషాన్ కావద్దు. సేమ్ మోడల్, కొత్త పెట్టె."

"దీన్నేం చేస్తవ్?"

"పెయింట్ వేయించి... ఎవరికో ఒకరికి..." అని మధ్యలో ఆగిపోయాడు.

"ఇంకెన్ని పెట్టెలున్నయ్ లోపల?" అన్నారు మామ. "అన్నీ విప్పు."

"అన్నీ ఎందుకంకుల్? మీది మార్చిస్తనంటున్న గదా!"

"నాది గాదు నేనడిగేది. అన్నీ విప్పు. విప్పేదాంక ఈ మిషన్ ఈడికెళ్లి జరగదు."

నేను ఆయన చెవి దగ్గర, "మామా, వైర్లు పెడితే మాత్రం ఏం లాభం? ఆ క్యారెట్లు పోవు కదా, డెబ్బైలు పోవు కదా" అన్నాను. పొద్దుటినుంచి ఎండలో నిలబడి నా ఓపిక అయిపోయింది. మా డబ్బు మాకిచ్చేస్తే వెళ్లిపోదామని ఉంది.

"టేపరొస్తే జాబు ఖరాబైతది బిడ్డా. ఇది ఆగకుంటె మనిషి పోతడు. రెండు ఒకటి గాదు" అన్నారు.

హమాలీలు పెట్టెలు ముందుకు లాగారు. మా ఆయన స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క స్విచ్చి పెట్టె విప్పారు. కొన్నిటికి వైర్లున్నాయి. కొన్నిటికి లేవు. ఒకదానికి ఉన్నాయి కానీ తారుమారుగా. ఎర్ర బటన్ నొక్కితే ఆగి ఉన్న మోటారు బయల్దేరింది! అది చూసి మా ఆయన వెనక్కి దూకారు. ఓనరు తల పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. అన్నిటికీ స్టిక్కర్లున్నాయి. ఒకదానికైతే రెండు.

ఓనరే షాపు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. అతనూ మా ఆయనా కలిసి సాయంత్రం దాకా వైర్లు బిగించారు. ప్రతి మిషన్‌నూ తిప్పి, ఓనరు చేతనే ఎర్ర బటన్ నొక్కించారు మామ. ఆగితేనే పక్కకు జరపనిచ్చారు. మాది ఆఖరున చూశారు. ఈసారి అది కూడా ఆగింది. మధ్యలో ఓనరే అందరికీ చాయ్ తెప్పించాడు. మామ తాగలేదు.

కొత్త పెట్టె మాకొద్దన్నాం. గోదాము వెనక గోనె సంచుల కింద ఒక పాత లేత్ కనపడింది. మూతపడ్డ మిల్లు నుంచి తెచ్చాడట. నల్లగా, జిడ్డుగా, అక్కడక్కడ అరిగి ఉంది. మామ చక్రం తిప్పి, బెడ్డు మీద గోరు గీసి చూసి, "ఇది ఇయ్యి" అన్నారు. వదిలితే చాలన్నట్టు ఓనరు బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

అది ట్రాలీ ఆటోలో పట్టలేదు. లారీలో తెచ్చాం. తెచ్చాక తేలిందేమిటంటే, మెకానిక్ మాట విని పోయించిన దిమ్మె దానికి సరిపోదు. చిన్నదైపోయింది. గడ్డపారలతో పగలగొట్టి మళ్లీ పెద్దది పోయించాల్సి వచ్చింది. ఆ దెబ్బలు ఒక్కొక్కటీ ఆ మెకానిక్ పేరు చెప్పుకునే వేశాను. అతని పేరు నాకు తెలియదు కాబట్టి నోటికొచ్చినవన్నీ వాడుకున్నాను. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు.

పాత లేత్‌తో పడ్డ తిప్పలు లేకపోలేదు. బెడ్డు మధ్యలో అరుగుదల ఉంది, అక్కడ జాగ్రత్తగా చేసుకోవాలి. కానీ ఎక్కడ తేడా ఉందో రోజూ అక్కడే ఉండేది. ఇంజనీరు ఇంకో బుష్ పురమాయిస్తే నేనే చేశాను. స్కూటరు మీద వచ్చి, షాఫ్ట్ ముక్కను అందులో దూర్చి అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు బాగుందండి" అని సంచిలో వేసుకున్నాడు. "రేపు ఇంకో రెండు పంపిస్తానండి."

మామ మెడ మీది కమిలిన గీత నెమ్మదిగా మానింది. చాలాకాలం ఆయన చక్ తిరుగుతుంటే దగ్గరికి వచ్చేవారు కాదు. దూరంగా స్టూలు మీద కూర్చుని, నేను చెక్కిన ముక్కలను కొలిచి పెట్టేవారు. పగలగొట్టిన దిమ్మె పెళ్లలను షెడ్డు ముందు గుంతలో పోయించాం. అంతకుముందు వానాకాలంలో లారీలు దిగబడేది అక్కడే.